మంచులో ఆడు పసిపిల్లల దుస్తులు

మన నేత కుటుంబముల బిడ్డలు పలువురు నేడు కెనడా, అమెరికా దేశములలో కాపురముండుట సభ్యులెరిగినదే. నిరుటి శీతకాలమున మా సంఘ సభ్యురాలగు ఒక పెద్దావిడ, కెనడాలోనున్న నాలుగేండ్ల మనుమరాలికి తమ మగ్గముమీద నేసిన నూలు గుడ్డతో లోచొక్కాలు రెండు, మెడక్రింద బొందుతో ముడివేయు టోపీ ఒకటి కుట్టించి పంపినారు. కూతురు “అమ్మా, చొక్కాలు ఇంట్లో తొడుగుతాను, మంచులోకి మాత్రం తొడగను. టోపీ బొందులు తీసేశాను” అన్నదట. “మన నేత అంత పనికిరానిదయిందా నాయనా?” అని ఆవిడ మా కార్యాలయమునకు వచ్చి కంట నీరు పెట్టుకొన్నారు. కూతురు చెప్పినదే న్యాయము. అది ఎట్లు న్యాయమో అందరును తెలిసికొనుట మేలని ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఆట మాన్పరాదు

అచ్చట మంచు దూదివలె రాలి నేలపై మాసముల తరబడి నిలుచును. అంతకాలము పిల్లలను గదిలో మూయుట మంచిది కాదు. నార్వే, స్వీడను దేశముల శిశువిద్యాలయములలో చలికాలమందును ప్రతిదినము పిల్లలను ఆరుబయట ఆడింతురు. పిల్లలు చక్రములులేని బండ్లపై జారుదురు, మంచుముద్దలతో బొమ్మలు నిలుపుదురు. కావలసినది తగిన దుస్తు.

నూలుకు, ఉన్నికి గల భేదము

వెచ్చదనమిచ్చునది బట్టలో చిక్కిన గాలి. సోలాపురపు చద్దరు వెచ్చగానుండుట అందుచేతనే. ఆ చద్దరునే తడిపి కప్పుకొన్నచో వణకు పుట్టును. నిశ్చలమైన గాలికన్న నీరు 20 రెట్లకు మించి వేడిని లాగివేయును. పరుగులాడు పిల్లకు చలిలోనైనను చెమట పట్టును. నూలు ఆ చెమటను పీల్చి ఒంటికంటుకొనును, త్వరగా ఆరదు. ఆట ఆగినంతనే ఒళ్లు చల్లబడును. ఉన్ని అట్లు కాదు. తన బరువులో నూటికి 30 వంతులవరకు తేమను పోగులోనికి తీసికొనియు పైకి తడి తెలియనీయదు. పోగు మెలికలు తిరిగియుండుటచే గాలియు నిలుచును. వానలో గొర్రెలకాపరి పంచె కప్పుకొనక గొంగడి కప్పుకొనుట మనము చూచినదే గదా!

మూడు పొరలు

1. ఒంటినంటు పొర: మెరినో గొర్రెల సన్నని ఉన్ని, లేక పాలియెస్టరు అల్లిక. గొంగడి ఉన్ని పసి ఒంటికి గుచ్చుకొనును.

2. నడిమి పొర: ఉన్ని స్వెట్టరు, లేక ఫ్లీసు.

3. పై పొర: నీరు, గాలి చొరని తొడుగు. కోటును, లాగును కలిపి ఒకటిగా కుట్టినదైనచో నడుములోనికి మంచు దూరదు.

పెద్దలకన్న పసివారికి ఒక పొర అదనముగా వేయవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము వారి సలహా. చేతులకు నాలుగు వ్రేళ్లు ఒకే సంచిలోనుండు తొడుగు మేలు. వ్రేళ్లు ఒకదానినొకటి కాచుకొనును. బిగుతు బూట్లు తగవు. రక్తము సరిగా ఆడక పాదములు చల్లబడును.

బొందు వలని ముప్పు

తలముసుగు బొందు, మెడబొందు జారుడుబల్లకు తగులుకొని, గొంతు బిగిసి పిల్లలు మరణించిన సంఘటనలు కలవు. అందుచే అమెరికా వినియోగవస్తు భద్రతా సంఘము పిల్లల పైదుస్తులకు ఈ బొందులు వలదని 1996లో సూచించి, 2011లో అట్టివానిని ప్రమాదకరమైన సరుకుగా నిర్ణయించినది. మెడకు పొడవాటి గుడ్డ చుట్టుటకన్న గొట్టమువలె అల్లిన మెడపట్టీ క్షేమము.

ఎప్పుడు లోనికి తేవలెను

చలి సున్నకు క్రింద 25 సెంటీగ్రేడు డిగ్రీలు దాటినచో బయటి ఆట మాన్పవలెనని కెనడా శిశువైద్యులు చెప్పుచున్నారు. ముక్కు, చెవులు, వ్రేళ్లు తెల్లబారి మొద్దుబారినచో వెంటనే లోనికి తెచ్చి, గోరువెచ్చని నీటితో కాచవలెను. రుద్దరాదు. స్పర్శ తిరిగిరానిచో వైద్యునికి చూపవలెను.

మనము పంపదగినవి

అచ్చటి ఇండ్లలో వేడి యంత్రములుండుటచే లోపల నూలు హాయిగానే యుండును. కావున పడక దుప్పట్లు, ఇంట తొడుగు గౌనులు, వేసవి చొక్కాలు నిస్సందేహముగా పంపవచ్చును. మెడవద్ద బొందులు మాత్రము కుట్టరాదు. ఆ పెద్దావిడ ఈ యేడు మనుమరాలికి పడక దుప్పటి నేయుచున్నారు. తన సరుకు ఎచ్చట పనికివచ్చునో, ఎచ్చట రాదో నిజము చెప్పు నేతగానినే కొనువారు నమ్ముదురు.