అలసిన కావలివాడు

మన ఉద్దానమున జీడిపండ్లు పక్వమునకు వచ్చు దినములలో రైతులు తోటలకు కావలివారిని పెట్టుకొందురు. మన శరీరమునకును అట్టి కావలివారు కలరు. రక్తములోని తెల్లకణములలో టి-కణములు అనునవి రేయింబవళ్లు దేహమంతయు తిరుగుచు, వైరసు చొచ్చిన కణములను కనిపెట్టి చంపుచుండును. క్యాన్సరు కణము వెలుపలినుండి వచ్చిన శత్రువు కాదు. మన కణమే కట్టుతప్పి పెరిగినది. అయినను టి-కణము దానిని పెక్కుమారులు గుర్తింపగలదు. గుర్తించియు ఏల ఊరకుండును? ఈ చిక్కును విప్పినవారిలో తెలుగుగడ్డపై పుట్టిన శాస్త్రవేత్త ఒకడు కలడు. ఆయన రఫీ అహమ్మదు.

ఆయన హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1968లో బి.యస్సీ. పట్టము పొందెను. పిమ్మట అమెరికాకు పోయి సూక్ష్మజీవశాస్త్రము నభ్యసించి, 1981లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము గడించెను. తరువాత కాలిఫోర్నియాలోని స్క్రిప్సు సంస్థలో మైకేల్ ఓల్డ్‌స్టోను అను శాస్త్రవేత్తకడ పరిశోధనకు పూనుకొనెను.

అచ్చట ఆయన చేపట్టిన విషయము క్యాన్సరు కాదు. చిట్టెలుకలకు సోకు ఒక వైరసు. 1984లో ఆయనయు, సహచరులును ఆ వైరసుయొక్క మారురూపము నొకదానిని వేరుచేసిరి. మూలరూపము సోకిన ఎలుక వారము పది దినములలో దానిని వెడలగొట్టును. మారురూపము సోకెనేని అది నెలల తరబడి దేహమున తిష్ఠవేయును. వైరసు జాతి యొక్కటే, ఎలుకల జాతియు నొక్కటే. ఫలితములు మాత్రము వేరు. దీనికి కారణమేమి?

ఈ ప్రశ్నను ఆయన విడువలేదు. 1995లో అట్లాంటా నగరమందలి ఎమరీ విశ్వవిద్యాలయమునకు చేరి, వ్యాక్సిను పరిశోధనా కేంద్రమునకు నాయకత్వము వహించెను. 1998లో ఆయన బృందము ఒక వింతను ప్రకటించెను. వైరసు వీడని ఎలుకలలో టి-కణములు కొన్ని నశించిన మాట నిజమే. కాని మరికొన్ని సజీవములై యున్నవి. శత్రువు నెదుట గాంచియు అవి ఏ పనియు చేయకున్నవి. తోటలో కావలివాడు లేకపోవుట వేరు. ఉండియు కేక వేయలేకపోవుట వేరు. లేనివానిని తేజాలము. అలసినవానిని మేలుకొల్పవచ్చును గదా!

మేలుకొల్పు ఉపాయమునకు మరియొక దేశపు పరిశోధన తోడ్పడెను. జపానులోని క్యోటోలో తసుకు హోంజో బృందము 1992లో పి.డి.-1 అను ప్రోటీనును కనుగొనియుండెను. ఇది టి-కణముపైన నుండును. తెలుగువారమైన మనము దీనిని ‘పిడి’ యనియే తలపవచ్చును. ఇతర కణములు తమపైనున్న మరియొక ప్రోటీనుతో, చేతితో పట్టినట్లు, ఈ పిడిని పట్టి టి-కణమును నిలువరించును. ఈ ఏర్పాటు వ్యర్థము కాదు. దొంగ పారిపోయిన తరువాతను కావలివాడు కర్ర త్రిప్పుచునేయున్నచో ఇంటివారికే దెబ్బలు తగులును.

అలసిన టి-కణములపై ఈ పిడులు మిక్కుటముగా నున్నవని అహమ్మదు బృందము గ్రహించెను. హార్వర్డునందలి ఆర్లీన్ షార్పు, గోర్డన్ ఫ్రీమన్ అనువారితో కలిసి, పట్టుకొను చేతికి తొడుగు వేసినట్లు, ఒక ప్రతిరక్షకమును ఎలుకలకు ఎక్కించిరి. పట్టు సడలెను. ఊరకున్న కణములు మరల వృద్ధినొంది పోరాడెను, వైరసు తగ్గెను. ఇది 2006లో ప్రకటింపబడెను.

క్యాన్సరు గడ్డలలోని టి-కణములును ఇట్లే అలసియుండును. అందుచే ఈ జ్ఞానము క్యాన్సరు చికిత్సకు బలమైన ఆధారములలో నొకటి యయ్యెను. ఈ మార్గమున పెక్కు దేశములవారు పాటుపడిరి. 2014లో అమెరికాలో పి.డి.-1ను అడ్డగించు మందులు రెండు అనుమతి పొందెను. 2018లో హోంజోకును, మరియొక పట్టును సడలించు మార్గమును చూపిన జేమ్సు ఆలిసనుకును నోబెలు బహుమానము లభించెను.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరునకు 2015లో, తొంబదియేండ్ల వయస్సున, చర్మపు క్యాన్సరు కాలేయమునకును మెదడునకును ప్రాకెను. ఎమరీలోనే ఆయనకు శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు చేసి, ఈ జాతి మందును ఇచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు వ్యాధి జాడ కానరాలేదు. ఆయన నూరేండ్లు నిండిన పిదప 2024లో కన్నుమూసెను.

అయినను ఈ మందు అందరకును పనిచేయదు. పట్టు సడలిన టి-కణములు ఒక్కొక్కప్పుడు రోగి సొంత అవయవములనే బాధించును. 2016లో అహమ్మదు బృందము, మందునకు స్పందించి వృద్ధినొందునవి కొలదిపాటి కణములే యనియు, అవి విత్తనపు గింజలవంటివనియు చూపెను. ఎవరికి మేలు చేయును, ఎవరికి చేయదు అను విచారణకు ఇది యొక దారి.

విద్యార్థులారా! 1984లో ఎలుకను గూర్చి పుట్టిన ప్రశ్న, ముప్పదియేండ్లకు రోగి పడకను చేరెను. నాడు ఎలుక వైరసుతో మనకేమి పని యని విడిచియుండినచో ఈ మేలు ఎంత ఆలస్యమయ్యెడిదో! మీ ప్రయోగములలోను రెండు ఫలితములు పొసగనిచో, ఒకదానిని కొట్టివేయకుడు. రెంటిని వ్రాసియుంచి, కారణము నడుగుడు.