పిల్లల పాట, తండ్రి చేయి
పాఠ్యభాగము: 1 దినవృత్తాంతములు 25:1-8

హేమానుకు 14 మంది కుమారులు, ముగ్గురు కుమార్తెలు. వీరందరు తండ్రి పర్యవేక్షణలో మందిరమునందు పాడిరి. గాయకులు మొత్తము 288 మంది. వారి వంతులకు చీట్లు వేసినప్పుడు గురువు, శిష్యుడు అను భేదము చూపలేదు.

నేడు కీబోర్డు నేర్చుకొను పిల్లలకు లండను ట్రినిటీ కళాశాల గ్రేడు పరీక్షలున్నవి. నూటికి 60 మార్కులు వచ్చిన ఉత్తీర్ణత. 59 వచ్చిన బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మనమేమందుము? "ఫీజు దండుగ" అందుమా? ఆ మాట విన్న బిడ్డ ఆరాధనలోను నోరు తెరువదు.

కావున పసుపు అమ్మిన నాడే ఫీజు తీసిపెట్టుదము. సాయంకాలము పావుగంట ప్రక్కన కూర్చుండి విందుము. పరీక్షకు తోడు వెళ్లుదము. కొడుకుకు నేర్పించినట్లే కూతురికిని నేర్పింతము. ఫలితమేదైనను, వచ్చు ఆదివారము ఆ బిడ్డచేతనే కీర్తనకు వాయింపజేయుదము. దేవుని మందిరములో వంతు మార్కులనుబట్టి రాలేదు గదా!