రెండు నెలల సెలవు, తొమ్మిది నెలల పంట

మా ఆర్మూరు వైపు దుబాయి అంటే ఒక్క ఊరు కాదు. సౌదీ పోయినా, మస్కట్ పోయినా, ఖతార్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. 1973లో చమురు ధరలు పెరిగి ఆ ఎడారి దేశాల్లో కట్టడాలు లేచిన తర్వాత నిజామాబాదు, కరీంనగరం జిల్లాల నుంచి ఈ ప్రయాణాలు పెరిగాయి. వెనుకటి రోజుల్లో చాలామంది బొంబాయి మీదుగా పోయేవారు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచినంక దారి దగ్గరైంది. అయినా మనిషి ఇంటికి ఎప్పుడు రావాలన్నది విమానం చేతిలో లేదు, సెలవు చేతిలో ఉంది. పోవడాన్ని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కనుక నేను రావడాన్ని గురించి రాస్తాను.

సెలవు లెక్క దేశానికొకటి. ఎమిరేట్సులో ఏడాది నిండినవానికి ఏటా 30 రోజులు. సౌదీలో 21 రోజులు, ఒకే యజమాని దగ్గర అయిదేండ్లు నిండితే 30. ఖతార్‌లో మూడు వారాలు, అయిదేండ్లు దాటితే నాలుగు. టికెట్టు ఖర్చుకు భయపడి మావాళ్లు రెండేండ్ల సెలవు కలిపి ఒక్కసారే వాడుకుంటారు. అనగా నలభై రెండు రోజులో, అరవై రోజులో. ఆపైన ఉందామంటే రెండు తిప్పలు: కంపెనీ ఒప్పుకోవాలి, వీసా గడువు మిగలాలి. సౌదీ నుంచి వచ్చేవాడు తిరిగి ప్రవేశించే వీసా వేయించుకునే వస్తాడు, దాని మీద తేదీ ఉంటుంది. ఎమిరేట్సులో మామూలు వీసా ఉన్నవాడు ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా చెల్లదు.

ఇక పసుపు సంగతి. మృగశిర కార్తెలో వానలు పడంగనే విత్తనం కొమ్ము పెడతాం. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం. తవ్వినంక ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి మెరుగు పట్టాలి, కాడి వేరు గోళ వేరు చేసి నిజామాబాదు యార్డుకు తోలాలి. తొమ్మిది నెలలంటే సుమారు 270 రోజులు. సెలవు మీద వచ్చిన రైతు అందులో నాలుగో వంతు కూడా చూడలేడు. విత్తనం పెట్టినవాడు తవ్వకానికి ఉండడు. తవ్వకానికి వచ్చినవానికి ఆ ఏడు ఎన్ని తడులు ఇచ్చిండ్రో, ఎక్కడ దుంపకుళ్లు తగిలిందో తెలియదు. భూమి అతని పేరు మీదనే ఉంటుంది, ఎవుసం మాత్రం ఇంకొకరి తలలో ఉంటుంది.

మా మేనమామ సౌదీలో పనిచేస్తాడు. కిందటి తవ్వకాలప్పుడు వచ్చిండు. ఇంటి నిండా చుట్టాలు, దినాం కోడికూర. నాలుగో రోజు కల్లంలోకి పోయి, కొప్పెరలో ఉడికించే పాత పద్ధతి ప్రకారం కూలోళ్లకు పనులు చెప్పబోయిండు. ఇప్పుడు ఆవిరి బాయిలరు వచ్చింది. కూలోళ్లు మామకు ఎదురు చెప్పలేదు, మా అత్త దిక్కు చూసిండ్రు. యార్డులోనూ అంతే. అడ్తిదారు మామకు కుర్చీ వేసి చాయ తెప్పించిండు గాని, "అక్కా, కాడి ఎన్ని బస్తాలు?" అని అత్తనే అడిగిండు. తక్‌పట్టీ కూడా ఆమె చేతికే ఇచ్చిండు.

ఆ చీటీలోనే అసలు సంగతి బయటపడింది. పాత బాకీ కింద పైకం కోసుకున్నరు. ఎండాకాలం బోరు ఎండిపోతే ఇంకొకటి వేయించడానికి అత్త తెచ్చిన అప్పు అది. "నాకెందుకు చెప్పలే?" అన్నడు మామ. "చెప్తే అక్కడుండి ఏం చేస్తవ్? నిద్ర ఖరాబ్ చేసుకుంటవ్" అన్నది అత్త. ఆ రాత్రి మామ కూడా ఒకటి చెప్పిండు. కంపెనీలో మూడు నెలల జీతం ఆగింది, మధ్యలో పంపిన పైసలు తోటివాని దగ్గర చేబదులు తెచ్చినవట. రోజూ వీడియో కాల్‌లో మొఖాలు చూసుకుంటూ ఇద్దరూ రెండేండ్లు ఈ మాటలు దాచిండ్రు. చెడ్డబుద్ధితో దాచలేదు. కానీ రెండు దిక్కుల అప్పు మాత్రం పెరిగింది. నా ఉద్దేశంలో సెలవులో అందరికంటే ముందు కూర్చోబెట్టవలసింది చుట్టాలను కాదు, ఈ రెండు లెక్కలను.

లెక్కకు కూర్చున్నాం. రాసింది నేనే. రాస్తుంటే ఇంకో సంగతి వచ్చింది. పక్క మడి అమ్మకానికి ఉంది, జీతం బాకీ వస్తే తన పేరున కొంటానన్నడు మామ. 1999 నాటి విదేశీ మారక చట్టం కింద, ఉద్యోగానికి బయటి దేశంలో ఉంటున్నవాడు సేద్యపు భూమి కొనరాదు. తాతలనాటిది వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మట్టిని నమ్ముకుని, మట్టి కోసమే దేశం విడిచినవానికి ఇది మింగుడు పడే ముచ్చట కాదు. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ అత్త పేరు మీదనే కొందాం, ఎట్లయినా చేసేది ఆమెనే గద" అన్నడు.

ప్రవాసీ భారతీయ బీమా గడువు తీరిందని కూడా అప్పుడే చూసినం. ప్రమాదంలో మనిషి పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు ఇచ్చే బీమా ఇది. పోయేటప్పుడు అందరూ కడతారు. రెండేండ్లకో మూడేండ్లకో గడువు తీరుతుందని గుర్తుండేది తక్కువమందికి. పొడిగించి, నామినీగా అత్త పేరు సరిచూసి, కాగితం ఒకటి ఆమె పెట్టెలో, ఒకటి నా దగ్గర పెట్టినం.

నలభయ్యో నాడు మామ పోయిండు. గోళ సగం ఇంకా కల్లంలోనే ఉంది. వారం తర్వాత అత్త ఒక్కతే యార్డుకు తోలి, తక్‌పట్టీ ఫోటో తీసి మామకు పంపించింది, కోత పడిన బాకీతో సహా.