ఫుల్ హెచ్‌డీ ఫోన్‌లో 480పి సినిమా: వైడ్‌వైన్ ఎల్1 వెనక అసలు కథ

2018 ఆగస్టులో పోకో ఎఫ్1 మన దేశంలో లాంచ్ అయినప్పుడు అందరి నోటా ఒకటే మాట: 21 వేల లోపు స్నాప్‌డ్రాగన్ 845. ఆ ధరకి ఆ ప్రాసెసర్ వస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. తీరా కొన్నాక నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ చేస్తే బొమ్మ మసకమసకగా వచ్చింది. ఫుల్ హెచ్‌డీ ప్లస్ స్క్రీన్ ఉంది, 4కే వీడియో తీయగల ప్రాసెసర్ ఉంది, నెలనెలా కడుతున్న సబ్‌స్క్రిప్షన్ ఉంది. వచ్చేది మాత్రం ఎస్‌డీ. కారణం, ఆ ఫోన్‌కి వైడ్‌వైన్ ఎల్1 లేదు. 2019లో అప్‌డేట్‌లో ఇచ్చారు. అంతకుముందు 2018 మొదట్లో వన్‌ప్లస్ 5, 5టీ వాళ్లదీ ఇదే గొడవ. ఎల్1 కావాలంటే ఫోన్‌ని మాకు పంపండి అంది కంపెనీ. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం ఫోన్‌ని కొరియర్ చేయడం ఏంట్రా బాబూ అనిపిస్తుంది కదా? దాని వెనక ఒక ఇంజినీరింగ్ కారణం ఉంది, దాని వెనక నలభై ఏళ్ల పాత భయం ఉంది. ముందు భయం సంగతి చూద్దాం.

1975లో సోనీ బీటామ్యాక్స్ వీడియో రికార్డర్ తెచ్చింది. రాత్రి టీవీలో వచ్చే ప్రోగ్రామ్‌ని క్యాసెట్‌లోకి ఎక్కించుకుని తీరిగ్గా మర్నాడు చూసుకోవచ్చు, అంతే. 1976లో యూనివర్సల్, డిస్నీ కలిసి కోర్టుకెళ్లాయి. ఇక్కడ గమనించాల్సింది, వాళ్ల అసలు గురి కాపీ చేసుకునే మనుషుల మీద కాదు, కాపీ చేయగల మెషీన్ తయారుచేసిన సోనీ మీద. కింది కోర్టులో సోనీ గెలిచింది. 1981లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. 1982లో హాలీవుడ్ స్టూడియోల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకొచ్చి, వీసీఆర్‌ని బోస్టన్ స్ట్రాంగ్లర్ అనే హంతకుడితో పోల్చాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి వాడు ఎంత ప్రమాదమో సినిమా ఇండస్ట్రీకి ఈ డబ్బా అంత ప్రమాదం అన్నాడన్నమాట. అదే కేసులో పిల్లల టీవీ షో చేసే ఫ్రెడ్ రోజర్స్ మాత్రం, కుటుంబాలు తన షోని రికార్డు చేసుకుని వీలైనప్పుడు చూస్తే తనకేం ఇబ్బంది లేదని సాక్ష్యం చెప్పాడు.

1984 జనవరి 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సోనీ గెలిచింది, 5–4 తేడాతో. ఒక మెషీన్‌కి చట్టబద్ధమైన ఉపయోగాలు చెప్పుకోదగ్గంతగా ఉంటే, ఎవరో దాన్ని తప్పుగా వాడారని తయారీదారుని పట్టుకోకూడదు అని దాని సారాంశం. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే కథ వేరేలా ఉండేది. ఆ తర్వాత జరిగింది ఇంకా గమ్మత్తు. ఏ డబ్బాని చంపాలని చూశారో దాని క్యాసెట్ల మీదే స్టూడియోలు విపరీతంగా సంపాదించాయి. 1980ల చివరికొచ్చేసరికి అమెరికాలో హోం వీడియో ఆదాయం థియేటర్ ఆదాయాన్ని దాటేసింది.

దీంతో ఇండస్ట్రీకి జ్ఞానోదయం అయి ఉండాలి కదా? నా లెక్కలో వాళ్లు నేర్చుకున్న పాఠం వేరు: మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కోర్టుకెళ్తే లాభం లేదు, తయారయ్యే దశలోనే దాన్ని చేతిలో పెట్టుకోవాలి. డీవీడీలో అదే చేశారు. డిస్క్‌లోని సినిమాని సీఎస్ఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశారు. ప్లేయర్ తయారు చేయాలంటే కీ కావాలి, కీ కావాలంటే లైసెన్స్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి, సంతకం పెడితే వాళ్ల షరతులన్నీ ఒప్పుకోవాలి. ఆ షరతుల్లోంచి వచ్చిందే రీజియన్ కోడ్: అమెరికాలో డబ్బులిచ్చి కొన్న డిస్క్ ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. కాపీయింగ్‌కీ దీనికీ సంబంధం ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సీఎస్ఎస్ కీ పొడవు 40 బిట్లు. 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని తెరిచేసింది. దాని వెనక ఉన్నవాళ్లలో నార్వే కుర్రాడు యోన్ లెక్ యోహాన్సెన్ వయసు అప్పటికి 15. కేసు పెట్టారు. తను కొన్న డిస్క్‌ని తను చూసుకోవడం నేరం కాదని 2003లో అక్కడి కోర్టు కొట్టేసింది, అప్పీల్లోనూ అదే తీర్పు.

ఇప్పుడు ఇంజినీరింగ్. మామూలు ఎన్‌క్రిప్షన్‌లో ముగ్గురుంటారు. పంపేవాడు, అందుకునేవాడు, మధ్యలో దొంగచాటుగా వినేవాడు. వాట్సాప్ మెసేజ్ అలాగే వెళ్తుంది. కీ మొదటి ఇద్దరి దగ్గరే ఉంటుంది కాబట్టి మూడోవాడికి ఏమీ అర్థం కాదు. డీఆర్ఎంలో అందుకునేవాడూ మీరే, అనుమానించాల్సిన మూడోవాడూ మీరే! సినిమా మీకు కనబడాలంటే కీ మీ ఫోన్‌లోకి రావాలి. వచ్చాక అది మీకే కనబడకూడదు. కాలేజీలో క్రిప్టోగ్రఫీ సబ్జెక్ట్ చదివినవాళ్లెవరికైనా ఇక్కడే అనుమానం రావాలి. మ్యాథ్స్ ఈ సమస్యని తీర్చలేదు. కీని ఎక్కడో దాచిపెట్టడం ఒక్కటే దారి.

ఆ దాచే చోటుని బట్టే వైడ్‌వైన్‌లో లెవెల్స్ వచ్చాయి. ఇది 2010లో గూగుల్ కొన్న కంపెనీ టెక్నాలజీ, ఆండ్రాయిడ్‌లో దాదాపు అన్ని ఓటీటీలూ దీన్నే వాడతాయి. ప్రాసెసర్‌లో మెయిన్ ఆండ్రాయిడ్‌కి కూడా కనబడని ఒక రహస్య గది ఉంటుంది, ట్రస్టెడ్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఎల్1 అంటే డీక్రిప్షన్, వీడియో ప్రాసెసింగ్ రెండూ ఆ గదిలోనే జరుగుతాయి. ఎల్2లో డీక్రిప్షన్ లోపల, వీడియో పని బయట. ఎల్3లో అంతా బయటే, సాఫ్ట్‌వేర్‌లో. ఎల్1 ఫోన్‌లోకి కీబాక్స్ అనే ఒక రహస్య డేటా ఎక్కించాలి. మామూలుగా ఈ పని ఫ్యాక్టరీలోనే, బయటివాళ్ల చేయి పడని చోట జరుగుతుంది. ఇప్పుడు వన్‌ప్లస్ వాళ్లు ఫోన్‌ని పంపమని ఎందుకన్నారో తెలిసింది కదా. ఓటీటీ యాప్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా రావడం కూడా ఇదే కుటుంబానికి చెందిన జాగ్రత్త.

మరి ఇంత కష్టపడితే కాపీ ఆగిందా? 2019 జనవరిలో డేవిడ్ బుకానన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఎల్3ని బ్రేక్ చేశానని ప్రకటించాడు. సరే, ఎల్1 గట్టిదే అనుకుందాం. కానీ ప్రపంచంలో ఎక్కడో ఒక్క డివైస్ నుంచి ఒక్కసారి సినిమా బయటపడితే చాలు, మిగతా అందరికీ ఆ ఫైలే చేరుతుంది. పైరసీ కాపీ చూసేవాడికి వైడ్‌వైన్ లెవెల్‌తో పనే లేదు, వాడికి పాత ఫోన్‌లోనూ 1080పి ఆడుతుంది. 480పి చూసేది డబ్బు కట్టినవాడు. మన సినిమాల్లో చూస్తే, 2013లో ‘అత్తారింటికి దారేది’ రిలీజ్‌కి ముందే దాదాపు గంటన్నర నెట్‌లో లీకైంది. అది ఏ ప్రేక్షకుడి ఫోన్‌లోంచో రాలేదు. ప్రేక్షకుడి చేతికి ఇంకా సినిమానే చేరలేదు, లీక్ లోపలి నుంచే వచ్చింది. ప్రేక్షకుడి ఫోన్‌కి ఎంత గట్టి తాళం వేసినా దాన్ని ఆపగలిగేది కాదు. అయినా సెప్టెంబర్ 27న రిలీజై పెద్ద హిట్ కొట్టింది.

నేను పైరసీని వెనకేసుకురావట్లేదు. సబ్‌స్క్రిప్షన్ ఆపేసినవాడి దగ్గర డౌన్‌లోడ్ చేసిన సినిమాలు ఆగిపోవాలంటే ఏదో ఒక తాళం ఉండాల్సిందే, అద్దె వ్యాపారం కదా. కొన్న వస్తువుకీ తాళం వేయడంతోనే నాకు పేచీ. మ్యూజిక్ వాళ్లు ఆ తప్పులోంచి బయటపడ్డారు: ఐట్యూన్స్ పాటల మీద డీఆర్ఎంని 2009లో తీసేశారు, కొంపలేం మునగలేదు.

సోనీ కథ మాత్రం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. రికార్డు చేసుకునే హక్కు కోసం 1984లో గెలిచిన ఆ గ్రూపే తర్వాత స్టూడియోలు, మ్యూజిక్ లేబుళ్లు కొనుక్కుంది. 2005లో సోనీ బీఎంజీ ఆడియో సీడీలు కంప్యూటర్‌లో పెడితే కాపీ ఆపడానికి ఒక రూట్‌కిట్ చడీచప్పుడు లేకుండా ఇన్‌స్టాల్ అయ్యేది. మార్క్ రుసినోవిచ్ దాన్ని బయటపెట్టాక సీడీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎక్స్‌పీరియా జెడ్ సిరీస్ ఫోన్లలో బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే డీఆర్ఎం కీలు చెరిగిపోయేవి, వాటితోపాటు కెమెరా నాయిస్ రిడక్షన్ కూడా పోయేది. సినిమాకి వేసిన తాళం మీరు తీసిన ఫోటోని పాడుచేయడం అంటే ఇదే.

చట్టం విషయం కూడా తెలిసి ఉండటం మంచిది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, తాళం తీయడమే తప్పు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ కాస్త నయం. కాపీరైట్‌ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం, శిక్ష రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

మీ ఫోన్ లెవెల్ ఏంటో చూసుకోవడానికి ప్లే స్టోర్‌లో డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ ఉంది, ఓపెన్ చేస్తే సెక్యూరిటీ లెవెల్ అని కనిపిస్తుంది. అక్కడ ఎల్1 అని ఉన్నంత మాత్రాన అయిపోలేదు. నెట్‌ఫ్లిక్స్ ఆ మోడల్‌ని విడిగా ఆమోదించాలి కూడా. అందుకే నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్‌లో గరిష్ఠ రిజల్యూషన్ ఎంత చూపిస్తుందో చూడండి, అసలు లెక్క అదే. కస్టమ్ రామ్ వేసే అలవాటున్నవాళ్లు బూట్‌లోడర్ ముట్టుకునే ముందు మీ మోడల్‌లో ఎల్1 నిలుస్తుందా, ఎల్3కి పడిపోతుందా తెలుసుకోండి. కొన్ని మోడల్స్‌లో మళ్లీ లాక్ చేసినా తిరిగి రాదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే బ్యాటరీ హెల్త్ చూసినట్టే ఇది కూడా చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.