మృగశిరకు ముందే పాత కొట్టం దించండి

పెళ్లి బట్టలకో ముత్యాలకో హైదరాబాద్ పత్తర్‌గట్టికి వచ్చే రైతులు అక్కడి రాతి కమానుల దుకాణాలను ఓసారి పరికించి చూడండి. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు తీర్చిదిద్దిన బజారది. దుకాణాలన్నీ గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. ఒక గోడ తీయాలంటే పక్కవాడి గోడ సంగతి ముందు చూడాలి. నగరంలో శిథిలమైన ఇళ్లకు ఏటా వానలకు ముందే జీహెచ్ఎంసీ నోటీసులిస్తుంది. పల్లెలో కొట్టానికి నోటీసు ఇచ్చేవారు లేరు కాబట్టి రోహిణి కార్తెలోనే దాన్ని మీరే పరీక్షించి, పాడైతే దించాలి.

పరీక్ష: దూలం గోడలో కూర్చున్న చోట మేకుతో పొడవండి. మెత్తగా దిగితే చెద తిన్నట్టే. గోడ ఒరిగినా, అడుగున మట్టి రాలుతున్నా పశువులను వెంటనే బయట కట్టేయండి.

బేరం: సామాను ఎవరిదో ముందు తేల్చుకోండి. కలప, పెంకులు మీరు ఉంచుకుంటే కూలి మీరివ్వాలి. కాంట్రాక్టరే తీసుకుపోతే ఆ విలువ లెక్కలో తగ్గాలి. దూలాలు, వాసాలు, దర్వాజాలు లెక్కపెట్టి, ఫొటోలు తీసి, కాగితం మీద రాసుకోండి. జేసీబీ పని ఒక్కపూటలో ముగుస్తుంది కానీ పెంకులు, కలప నుజ్జవుతాయి. మంచి టేకు ఉంటే మనుషులతోనే దించండి. దాన్ని వేరే ఊరికి తరలించేముందు అటవీ కార్యాలయంలో అనుమతి గురించి అడగండి. కూలీలకు దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి.

దించే వరుస: లైన్‌మన్‌తో కరెంటు తీయించండి. ఉమ్మడి గోడ ఉంటే పక్కవారిని పిలిచి చూపించండి. ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలాలు, చివర పైనుంచి కిందికి గోడలు. అడుగున తవ్వి గోడను కూలదోయనివ్వొద్దు. ఆస్‌బెస్టాస్ రేకులైతే నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత రోగమై బయటపడుతుంది.

మట్టి: కొట్టం నేలలో ఏళ్లుగా ఇంకిన పశువుల మూత్రం వల్ల నత్రజని, పొటాష్ ఉంటాయి. పైమట్టిని జానెడు లోతు ఎత్తి, పొలంలో పలుచగా చల్లి దున్నించండి. ఒకేచోట కుప్ప పోస్తే ఉప్పు ఎక్కువై మొలక దెబ్బతింటుంది. సున్నం, సిమెంటు పెళ్లలు పొలంలోకి వద్దు, బాట గుంతల్లో వేయండి.

చివరి వాయిదా: డబ్బంతా ముందే ఇవ్వొద్దు. స్థలం చదును చేసి, మేకులు, తీగముక్కలు ఏరాకే మిగతాది ఇవ్వండి. పాత స్పీకరు అయస్కాంతాన్ని తాడుకు కట్టి నేలమీద లాగితే మట్టిలో దాగినవి కూడా అంటుకుంటాయి. మేతతో కలిసి మేకు కడుపులోకి పోతే పొట్ట గోడను చీల్చి గుండె పొరదాకా గుచ్చుకోవచ్చు. ఆ దశలో పశువు బతకడం కష్టం.