పాలస్తీనా పాత పటాలు - మా మిరపచేను

పటం అనగానే మనకు హైస్కూలు గోడకు వేలాడిన ఇండియా మ్యాపు గుర్తొస్తుంది. పైన ఉత్తరం, కింద దక్షిణం, కుడివైపు తూర్పు. అదేదో ప్రకృతి నియమం అన్నట్టు నేర్చుకున్నాం. అది మనుషులు పెట్టుకున్న ఒప్పందం మాత్రమేనని నాకు తెలియజెప్పింది గుంటూరులో ఒక పాత పుస్తకాల కొట్టు.

పోయిన ఏడాది ఆ కొట్టులో అట్ట ఊడిన ఇంగ్లీషు బైబిలొకటి కనపడింది. 1842లో హయ్యర్ గారు గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ ప్రారంభించారు. తరువాత ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. ఇలాంటి పుస్తకాలు మన వైపు చేరడానికి అదే కారణమై ఉండాలి. పుస్తకం చివర మడతపెట్టిన పటం ఒకటి ఉంది. కనాను దేశాన్ని ఇశ్రాయేలు గోత్రాలకు పంచిన పటమది. "ఈ చెదల పుస్తకం ఎందుకు బాబూ? పటం చించిస్తా, యాభై ఇవ్వు" అన్నాడు కొట్టాయన. మెస్సు బిల్లుకని దాచుకున్న మూడు వందలు పెట్టి పుస్తకమంతా కొన్నాను. ఎందుకో చివర చెబుతాను.

ముందు ఇలాంటి పటాలు ఎలా తయారయ్యేవో చూద్దాం. నునుపైన రాగిరేకు మీద సన్నని మొన ఉన్న ఉలితో గీతలు, అక్షరాలు చెక్కుతారు. అన్నీ అద్దంలో బొమ్మలాగ తిరగేసి చెక్కాలి. రేకుకు సిరా పట్టించి పైపైన తుడిచేస్తే, చెక్కిన గాట్లలో మాత్రం సిరా మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. రాగి మెత్తన కాబట్టి కొన్ని వేల ప్రతులకే గీతలు అరిగిపోయేవి. 1820 తరువాత ఉక్కురేకులు వాడుకలోకి వచ్చాయి.

తిరగేసి చెక్కడం మరిస్తే ఏమవుతుంది? 1525లో జూరిచ్‌లో ఫ్రోషౌవర్ అనే ముద్రాపకుడు వేసిన పాత నిబంధనలో, చెక్కదిమ్మతో అచ్చొత్తిన పటం ఒకటి ఉంది. బైబిలు గ్రంథంలో చేర్చిన మొదటి పటంగా దాన్ని చెబుతారు. పాపం, అది తారుమారుగా పడింది! పాలస్తీనాకు పడమట ఉండవలసిన మధ్యధరా సముద్రం తూర్పుకు వెళ్లిపోయింది. ఫిజిక్సులో మనం చదివే పార్శ్వ విలోమానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక అసలు పటాన్ని, నకలును గుర్తుపట్టడం. భూతద్దం పెట్టి చూడండి. చిన్నచిన్న చుక్కల జాలి కనబడితే అది ఈ కాలపు నకలే. రేకు అచ్చయితే గీతలు తెగకుండా ఉంటాయి. అంచులు కత్తిరించకుండా ఉంటే చుట్టూ రేకు నొక్కుకున్న గుర్తు కూడా వేలికి తగులుతుంది. తరువాత కాగితాన్ని చూడాలి. పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా యూరపులో కాగితాన్ని పాత నారబట్టల, పత్తిబట్టల పీలికలతో చేసేవారు. పత్తి దాదాపు అంతా సెల్యులోజే. ఆ తరువాత వచ్చిన కలప గుజ్జు కాగితంలో లిగ్నిన్, ఆమ్లం ఉండి, పచ్చబడి పొడిపొడి అవుతుంది. అందుకే నాలుగు వందల ఏళ్లనాటి కాగితం ఇంకా గట్టిగానే ఉంటే, మన తాతల నాటి కాగితం ముట్టుకుంటే విరుగుతోంది. పత్తి పండించే వాళ్లం, ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి కదా!

1570లో ఆంట్‌వెర్ప్ నగరంలో ఓర్టీలియస్ అచ్చువేసిన అట్లాసులో పాలస్తీనా పటం ఉంది. 1590లో ఆయనే అబ్రాహాము ప్రయాణాల పటం వేసి, చుట్టూ అతని జీవితంలోని ఘట్టాలను బొమ్మలుగా చెక్కించాడు. అదే ఏడు వెలువడిన ఆడ్రికోమ్ పటంలో తూర్పు పైన ఉంటుంది. ఇలాంటి పటాల్లో సముద్రంలో యోనా చేప, ఎడారిలో మోషే నడిచిన దోవ కూడా కనిపిస్తాయి. గ్రంథంలో చదివినదాన్నే వాళ్లు గీశారు. గొలుసు పట్టి కొలిచినది వేరు. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి, త్రిభుజాలతో మన దేశాన్ని సర్వే చేయడం మొదలుపెట్టాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకు అందుతాయి. అదే పద్ధతిలో 1871-77 మధ్య కాండర్, కిచ్చెనర్ మొదలైనవారు పశ్చిమ పాలస్తీనాను మైలుకు అంగుళం చొప్పున కొలిచారు. 1880లో అది 26 షీట్లుగా వెలువడింది.

సంక్రాంతికి పర్చూరు వైపున్న మా ఊరికి పుస్తకం తీసుకెళ్లాను. నాన్న పటం చూసి, "ఇది పట్టుకుపోతే ఆ ఊళ్లకు చేరతామంట్రా?" అన్నాడు. చేరలేమన్నాను. గోత్రాల పంపకం, లేవీకి భూమి లేకపోవడం, యోసేపు కొడుకులిద్దరికీ చెరో వాటా రావడం చెప్పాను. "అయితే అన్నదమ్ముల పంపకాల కాగితమన్నమాట" అని లోపలికెళ్లి, మా తాత గీసిన కాగితం తెచ్చాడు.

ఆ కాగితం మీద మా నాన్నకూ బాబాయికీ మూడేళ్లుగా మాటల్లేవు. చేనుకు ఉత్తరానా తూర్పునా రెండు డొంకలున్నాయి. తాత పైన ఒక డొంక, కుడివైపు బావికి వెళ్లే దోవ గీశాడు. దిక్కు రాయలేదు. దోవ దక్షిణపు గట్టు వెంట అని నాన్న, కాదు తూర్పు గట్టు వెంట అని బాబాయి. నేను కాగితం తిప్పి చూశాను. వెనకవైపు హద్దులు తాత చేతిరాతలోనే ఉన్నాయి. మన దస్తావేజుల్లో చెక్కుబందీ రాసినట్టే మొదట తూర్పు, తరువాత దక్షిణం, పడమర, ఉత్తరం. ఆడ్రికోమ్ లాగే మా తాత కూడా తూర్పునే పైన పెట్టి ఉంటాడని నాకు తోచింది. అలాగైతే కుడి దక్షిణమే.

"నేననేదీ అదేగా" అన్నాడు నాన్న. "నీ మాటయినా నా మాటయినా ఊహే నాన్నా, కొలత కాదు" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. కానీ మర్నాడు నేనే కాగితం పట్టుకుని బాబాయి ఇంటికెళితే వద్దనలేదు. బాబాయి రెండు వైపులా తిప్పితిప్పి చూశాడు. "మిరపకోతలు కానీరా, సర్వేయర్ని పిలుద్దాం. ఖర్చు చెరిసగం" అన్నాడు. అంతవరకు వచ్చింది.

ఇప్పుడు పుస్తకం సంగతి. విడిగా అమ్మే పాత పటాల్లో చాలా భాగం పుస్తకాల్లోంచి చించినవే. చించితే ఏ సంవత్సరం, ఎవరు, ఎందుకు వేశారో చెప్పే పేజీ పోతుంది. తాత కాగితం వెనకవైపు చినిగిపోయి ఉంటే మాకు మిగిలేది తగాదాయే. నా పటం ఉక్కురేకు అచ్చు, పెద్ద ఖరీదైనదేమీ కాదు. అయినా దానికి టేపు అంటించలేదు, లామినేషన్ చేయించలేదు. పుస్తకంలోనే ఉంచాను.

మిత్రులారా! పాత పటం కనబడితే ఎంతకు పోతుందని అడిగేముందు మూడు ప్రశ్నలు వేయండి. ఎప్పటిది? పైనున్నది ఏ దిక్కు? కొలిచి గీశారా, విని గీశారా? ఇక మీరే ఎప్పుడైనా చేను పటం గీయవలసివస్తే దిక్కు, తేదీ వేయడం మరవకండి.