401(కె) పథకాల్లో సమన్యాయ పరీక్షలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అమెరికాలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఏటా 1,70,000 డాలర్ల జీతం అందుకునే ఉద్యోగి 2025లో 401(కె) ఖాతాలో జీతంలో పది శాతం దాచుకున్నారు. వార్షిక పరిమితి 23,500 డాలర్లను దాటకపోయినా మరుసటి మార్చిలో అందులో కొంత సొమ్ము తిరిగి వచ్చింది. కారణమేమిటి?

జవాబు: జీతంలో కొంత భాగాన్ని పన్ను పడకముందే పదవీ విరమణ ఖాతాలోకి మళ్లించే ఈ పథకానికి ఇచ్చే రాయితీని ఖజానాయే భరిస్తుంది కాబట్టి, దాని ఫలం పెద్ద జీతగాళ్లకే దక్కకుండా చట్టం ఏటా ఏడీపీ అనే పరీక్ష పెడుతుంది. సంస్థలో ఐదు శాతానికి మించి వాటా ఉన్నవారినీ, సాధారణంగా అంతకుముందటి ఏడాది నిర్ణీత మొత్తానికి మించి (2025 పరీక్షకు 2024లో 1,55,000 డాలర్లు) వేతనం పొందినవారినీ అధిక వేతన వర్గంగా లెక్కిస్తారు. తక్కిన ఉద్యోగులు సగటున రెండు శాతం దాచుకుంటే ఈ వర్గం సగటు నాలుగు శాతాన్నీ, వారు నాలుగు శాతం దాచుకుంటే ఆరు శాతాన్నీ మించరాదు. అర్హత ఉండి కూడా ఏమీ దాచుకోనివారిని సున్నా కింద ఈ సగటులో కలుపుతారు గనుక, వారి సంఖ్య పెరిగేకొద్దీ పైవారి పరిమితి కుంచించుకుపోతుంది. పరీక్ష తప్పితే సంస్థ తక్కినవారి ఖాతాల్లో తన సొమ్ము అదనంగా జమ చేయాలి, లేదా మితిమీరిన మొత్తాన్ని పైవారికి తిరిగి ఇవ్వాలి. సాధారణంగా ఏడాది ముగిసిన రెండున్నర నెలల్లోగా అలా ఇవ్వకపోతే సంస్థపై పది శాతం సుంకం పడుతుంది. ఆ ఉద్యోగికి అందిన సొమ్ము, అందిన ఏడాది ఆదాయంలో చేరుతుంది.

ప్రశ్న: భార్యాభర్తలు నడిపే ఒక సంస్థలో, సొంతంగా ఏమీ దాచుకోని ఉద్యోగులకు కూడా వేతనంలో మూడు శాతం జమ చేయాలని పథక నిర్వాహకులు చెబుతున్నారు. ఇది తప్పనిసరా?

జవాబు: 1982 నాటి చట్టం ప్రకారం, ముందటి ఏడాది చివరి రోజున పథకంలోని మొత్తం నిల్వలో అరవై శాతానికి మించి కీలక ఉద్యోగుల ఖాతాల్లోనే ఉంటే ఆ పథకాన్ని టాప్ హెవీ, అంటే పైభాగం బరువెక్కినది, అంటారు. ఐదు శాతానికి మించిన వాటాదారులు కీలక ఉద్యోగులే. భర్త వాటాను భార్యకూ, భార్య వాటాను భర్తకూ వర్తింపజేస్తారు కనుక, వాటా ఒకరి పేరనే ఉన్నా ఇద్దరూ ఆ కోవలోకే వస్తారు. అప్పుడు ఏడాది చివరి రోజున కొలువులో ఉన్న, పథకానికి అర్హులైన తక్కిన ఉద్యోగులకు సంస్థ కనీసం మూడు శాతం జమ చేయాలి. కీలక ఉద్యోగులలో ఎవరికీ ఆ ఏడాది మూడు శాతం జమ కాకపోతే, వారిలో అత్యధికంగా జమ అయిన శాతమే కనీసమవుతుంది. అయితే యజమాని తన జీతం నుంచి దాచుకున్నదీ ఈ లెక్కలోకి వస్తుంది. ఉద్యోగి సొంతంగా దాచుకున్న సొమ్ము మాత్రం ఈ కనీసానికి బదులు కాదు.

ప్రశ్న: ఈ పరీక్షల బెడద లేని మార్గముందా?

జవాబు: 1996 చట్టంతో రూపుదిద్దుకుని 1999 నుంచి అమలైన సేఫ్ హార్బర్ పథకం ఉంది. అందులో సంస్థ అర్హులందరికీ మూడు శాతం జమ చేయవచ్చు, లేదా ఉద్యోగి దాచుకున్న తొలి మూడు శాతానికి సమానంగానూ, తరువాతి రెండు శాతానికి సగంగానూ జోడించవచ్చు. సంప్రదాయ రూపంలో ఈ సొమ్ము జమైన క్షణం నుంచే ఉద్యోగి సొంతం, సంస్థ విడిచినా వెనక్కి పోదు. ఇవి తప్ప సంస్థ మరేమీ జమ చేయనంతవరకు టాప్ హెవీ నిబంధన కూడా వర్తించదు; లాభాల వాటా వంటిది చేర్చితే ఆ మినహాయింపు పోతుంది.

ఏ మార్గం ఎంచుకున్నా, కింది ఉద్యోగి పొదుపు పెరగనిదే యజమాని పొదుపుకు దారి తెరుచుకోకూడదన్నదే ఈ చట్టం ఉద్దేశం. అందువల్ల కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ పథకాన్ని అర్థమయ్యే మాటల్లో వివరించి, మొదటి జీతం నుంచే దాచుకునేలా ప్రోత్సహించడం యజమానికి ధర్మమే కాదు, ప్రయోజనకరం కూడా.